డబ్బాలోనే మొదలయ్యే జంగు

"మిగిలింది మూలకు పెట్టు, వచ్చే యేడు పనికొస్తది."

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా వెల్డింగ్ షాపు ముందు కాసేపు నిలబడితే వినిపించే సలహా ఇది. గేటుకో, గ్రిల్లుకో, ట్రాక్టర్ ట్రాలీకో రెడ్ ఆక్సైడ్ కొట్టడం అయిపోతుంది. నాలుగు లీటర్ల డబ్బాలో లీటరు దాకా మిగులుతుంది. మూత మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి డబ్బాను రేకుల షెడ్డు మూలకు నెడతారు. చెప్పినవాళ్ల మనసు మంచిదే. పైసలు పెట్టి కొన్నదాన్ని పారబోయొద్దన్న పట్టుదల గౌరవించాల్సిన గుణం. సలహా మాత్రం తప్పు. ఏడాది తర్వాత ఆ డబ్బా తెరిచి గేటుకు పూస్తే, మరో వానాకాలం దాటేసరికి కింది కడ్డీ దగ్గర రంగు ఉబ్బి, లోపల జంగు కనిపిస్తుంది. అప్పుడు కంపెనీని అంటారు, పెయింటర్‌ను అంటారు, వానను అంటారు. డబ్బా ఏడాది పాటు పడి ఉన్న మూలను ఎవరూ అనుమానించరు.

ఇనుము కొత్తేమీ కాని నేల ఇది. ఇటు జగిత్యాల దాటినా, అటు నిర్మల్ దాటినా నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం వస్తుంది. డమాస్కస్ కత్తులకు కావాల్సిన ఉక్కు కోసం పారశీక వర్తకులు ఒకప్పుడు ఆ ఊరి దాకా వచ్చి కొనుక్కుపోయేవారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి మూసలనూ కొలుములనూ చూసి రాసిపెట్టాడు. 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుప చిట్టెం కుప్పల వెంట తిరిగి సర్వే చేశారు. ఇనుమును ఇంత బాగా ఎరిగినవాళ్లం, దాన్ని కాపాడే పూతను ఎక్కడ పెట్టాలన్న దగ్గర వినకూడని మాటలు వింటున్నాం. అలాంటి చిట్కాలను ఇక్కడ చెప్పి, ఏది ఎందుకు వినకూడదో రాస్తున్నాను.

మిగిలిన డబ్బా సంగతి ముందు తేల్చుకుందాం. మనం గేట్లకు వాడే మామూలు రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ రంగులు రెండు దశల్లో ఆరుతాయి. మొదట టర్పెంటైన్ గాలిలోకి పోతుంది. తర్వాత మిగిలిన నూనె-రెజిన్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. గట్టిపడటానికి దానికి కావాల్సింది గాలి ఒక్కటే. సగం ఖాళీ డబ్బాలో సగం గాలే ఉంటుంది. అంటే ఇనుము మీద జరగాల్సిన పని డబ్బా లోపలే మొదలవుతుంది. పైన పొర కడుతుంది. ఆ పొర కట్టకుండా కంపెనీవాళ్లు కలిపిన రసాయనం కూడా మూత తీసి పెట్టినప్పుడల్లా కొంత ఆవిరైపోతుంది. ఎర్రమన్ను పొడి బరువుకు అడుగున దిగి గడ్డ కడుతుంది. ఏడాది తర్వాత పైనుంచి ముంచి పూస్తే మీరు పూసేది పలచని నూనె. జంగును ఆపాల్సిన పొడి అడుగునే ఉండిపోతుంది.

పొదుపు చేయాల్సింది దాచేటప్పుడు కాదు, కొనేటప్పుడు. మామూలు రెడ్ ఆక్సైడ్ లీటరుకు ఒక పూతలో ఎనిమిది నుంచి పది చదరపు మీటర్లు వస్తుంది, అంటే దాదాపు 86 నుంచి 108 చదరపు అడుగులు. పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న రేకు గేటుకు రెండు వైపులా కలిపి 120 చదరపు అడుగులు. ఒక్క పూతకు లీటరున్నర చాలు. లీటరు డబ్బా, అరలీటరు డబ్బా విడివిడిగా దొరుకుతాయి. నాలుగు లీటర్ల డబ్బాలో లీటరుకు కొంచెం తక్కువ ధర పడుతుందని పెద్దది కొని, మిగిలింది ఏడాది తర్వాత గేటుకు పూసి, మళ్లీ గీకించి, మళ్లీ కూలి ఇచ్చి కొట్టించడం నష్టమే.

తప్పనిసరిగా మిగిలితే చిన్న డబ్బాలోకి మార్చి, అంచు దాకా నింపి మూయండి. గాలికి చోటు లేకుండా చేయడమే దాచడం. మూతను సుత్తితో ఒక్కచోట కొట్టొద్దు, వంగిపోతుంది. గాడిలోని రంగును గుడ్డతో తుడిచి, పైన చెక్క ముక్క పెట్టి చుట్టూ తట్టాలి. తెరిచిన తేదీ, పేరు, దేనికి వాడింది డబ్బా ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి, ఒకదాని మూత ఇంకొకదానికి పోతుంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి గట్టిగా మూసిన డబ్బాను బోర్లించి పెడితే అడుగున గడ్డ కట్టడం తగ్గుతుంది.

"మీద ఇన్ని నీళ్లు పొయ్యి, పొర కట్టదు"

ఇది పాత పెయింటర్ల చిట్కా. నూనె రంగు మీద నీళ్లు తేలుతాయి, గాలి తగలదు, కాబట్టి పొర కట్టదు. తర్కం చూస్తే సరిగానే ఉంది. కానీ నీళ్లు నిలిచేది రేకు డబ్బాలో. నీటి గీత వెంట డబ్బా గోడకే లోపలినుంచి జంగు పడుతుంది. అది రాలి రంగులో కలుస్తుంది. తెరిచినప్పుడు నీళ్లు వంచేసినా నాలుగు చుక్కలు రంగులో చిక్కుకుంటాయి. జంగు పట్టకుండా పూసే రంగులోనే జంగూ, నీళ్లూ రెండూ కలిపి ఇనుముకు పూస్తున్నామన్న మాట. దీనికి బదులు రంగు మీద నేరుగా తగిలేలా పాలిథిన్ కాగితం పరిచి, ఆపైన మూత పెట్టండి.

పొర కట్టిన డబ్బా చేతికొస్తే ఆ పొరను కట్టెతో కలిపేయకండి. చాకుతో అంచుల వెంట కోసి, ఒక్క ముక్కగా ఎత్తి పారేయాలి. తర్వాత పైన ఉన్న పలచటి భాగాన్ని వేరే గిన్నెలోకి వంచి, అడుగున గడ్డను కట్టెతో బాగా మెదిపి, వంచిన దాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి. నైలాన్ గుడ్డలో వడకట్టాలి. అయినా మెదగని గడ్డలు, సాగే జిగురు కనిపిస్తే ఆ రంగు పని అయిపోయింది.

అక్కడే మూడో సలహా వస్తుంది. "గట్టిపడితే ఏమైంది, ఇంత గాసునూనె పొయ్యి." గాసునూనె పోస్తే పలచబడినట్టు కనిపించే మాట నిజం. కానీ కిరోసిన్ చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది, పోతూ పోతూ జిడ్డును ఇనుము మీద వదులుతుంది. రంగు ఆ జిడ్డు మీద కూర్చుంటుంది తప్ప ఇనుమును పట్టుకోదు. పైగా రెజిన్ లోపల అతుక్కుపోయి గట్టిపడ్డాక ఏ నూనె పోసినా వెనక్కి రాదు. కొందరు పెట్రోల్ పోస్తారు. ఆ పని ఎవరూ ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

అనుమానంగా ఉన్న డబ్బాను గేటు మీద పరీక్షించకండి. పాత పట్టీ ముక్క ఒకటి తీసుకుని, ఎమెరీ కాగితంతో రుద్ది, రంగు పూసి, ఒక పగలూ ఒక రాత్రీ ఆరనివ్వండి. మేకుతో గీయండి. సన్నని గీత పడితే పనికొస్తుంది. పొట్టులా లేచినా, వేలికి అంటినా దాన్ని వదిలేయాలి.

"రేకుల షెడ్డు ఉన్నది గదా"

నా దృష్టిలో మన ప్రాంతంలో అసలు తప్పు ఇదే, దీని గురించి ఎక్కువే చెప్పాలి. చాలా రంగు డబ్బాల కాగితాల మీద చల్లని, నీడ ఉన్న చోట ఉంచమని రాస్తారు, 35 డిగ్రీలు దాటొద్దంటారు. డబ్బా మీద ఉన్న గడువు కూడా అలాంటి చోట ఉంచితేనే నిలుస్తుంది. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో మే నెలలో బయటి నీడలోనే 45 దాటుతుంది. పైన జీఐ రేకు, కిటికీ లేని గది, మూసిన షట్టర్ అయితే లోపల అంతకంటే ఎక్కువే. రసాయన చర్య వేగం పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా లెక్క. 25 డిగ్రీల దగ్గర ఏడాది నిలవాల్సింది 45 దగ్గర మూడు నెలలే నిలవొచ్చు. డబ్బా మీద డేటు ఇంకా మిగిలి ఉన్నా లోపలి సరుకుకు వయసైపోతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ప్రాజెక్టుల గేట్లకు, కాలువ షట్టర్లకు, పైపులకు రంగు వేసే కాలం ఎండాకాలమే. దిగువ మానేరు అయినా, కడెం అయినా, ఎల్లంపల్లి అయినా నీళ్లు తగ్గితేనే గేటు కిందికి దిగి గీకడానికి వీలవుతుంది. అంటే పూతను దాచడానికి అన్నిటికంటే చెడ్డ నెలల్లోనే పూత ఎక్కువగా తెచ్చి గేటు దగ్గర పెట్టుకోవాల్సి వస్తుంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు అంచనాలకు మించిన వరద వచ్చినప్పుడు 18 గేట్లలో ఒకటి లేవలేదు. గేటు లేవకపోవడానికి యంత్రం, తాడు, కరెంటు అని కారణాలు చాలా ఉంటాయి, దాన్ని రంగు మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ గేటు మీద ఎంతమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయో ఆ వరదలో అందరికీ తెలిసింది. అలాంటి గేటుకు పూసే పూత టార్పాలిన్ కింద ఎండలో ఉడికిన డబ్బాలోంచి రాకూడదు.

పని చోట ఏం చేయొచ్చు? వారానికి కావాల్సినంతే తెప్పించండి. డబ్బాలను గేటు ఆపరేటర్ గది లాంటి స్లాబు కప్పు ఉన్న చోట పెట్టండి, కాకపోతే వేప చెట్టు నీడలో గాలి ఆడే పందిరి కింద పెట్టండి. పాలిథిన్‌తో గట్టిగా కప్పొద్దు, వేడి లోపలే నిలుస్తుంది. పందిరి మీద తడిపిన గోనెసంచులు వేస్తే వేడి దిగుతుంది, కానీ ఆ నీళ్లు డబ్బాల మీద కారకుండా చూసుకోవాలి. పాత తేదీ డబ్బాలు ముందు వరుసలో, కొత్తవి వెనుక వరుసలో ఉండాలి. కొత్త లోడు వచ్చినప్పుడు దాన్నే ముందు తెరవడం మన స్టోర్లలో మామూలు. దానివల్లనే పాతది మూలన మురుగుతుంది.

ఇక నేల. సిమెంటు గచ్చు మీద నేరుగా పెట్టిన డబ్బాకు వానాకాలంలో కిందినుంచి చెమ్మ తగులుతుంది. ఆదిలాబాద్ వైపు వానలు గట్టివి. డబ్బా అడుగు అంచు జంగు పట్టి చిల్లు పడితే లోపల ఉన్నదంతా గచ్చు పాలు. నాలుగు కట్టె పలకలు వేసి, గోడకు జానెడు దూరంగా పెట్టండి.

చలికాలం కూడా ఇక్కడ చిన్నది కాదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో కొన్ని రాత్రులు ఐదు డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అప్పుడు ఎపాక్సీ రెజిన్ డబ్బా తెరిస్తే పేరిన నెయ్యిలా తెల్లగా పలుకులు కట్టి కనిపించొచ్చు. పాడైందని పారేసేవాళ్లున్నారు, దాన్నే పొయ్యి మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. మూత వదులు చేసి, వేడినీళ్ల తొట్టిలో డబ్బాను నిలబెట్టి కలిపితే పలుకులు కరుగుతాయి. పూర్తిగా కరిగాకే వాడాలి. మంట దగ్గరికి తీసుకుపోవద్దు.

"రెండు డబ్బాలది అంత పట్టింపు ఎందుకన్నా"

ఎపాక్సీ, పాలీయురేథేన్ రంగులు రెండు డబ్బాలుగా వస్తాయి. ఒకటి బేస్, రెండోది హార్డెనర్. పెట్రోల్ బంకుల పందిళ్లకు, రైస్ మిల్లు యంత్రాలకు, నీళ్ల ట్యాంకులకు, గేట్లకు ఇప్పుడు ఇవే ఎక్కువ వాడుతున్నారు. ఇవి రెడ్ ఆక్సైడ్ లాంటివి కావు. గాలితో ఆరవు, ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడతాయి. కాబట్టి వీటి దగ్గర రెడ్ ఆక్సైడ్ అలవాట్లు పనిచేయవు.

"కలిపింది మిగిలితే మూత పెట్టు, రేపు వాడుదాం" అంటారు. కలిపాక దానికి రేపు లేదు. 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు నిలిచే మిశ్రమం మన మే నెల మధ్యాహ్నం గంటకే చిక్కబడుతుంది. బకెట్ నిండా ఉంటే తన వేడికి తానే ఇంకా త్వరగా గట్టిపడి పొగలు కూడా రావచ్చు. థిన్నర్ పోసి మళ్లీ పలచబరిస్తే బ్రష్‌కు అంటుతుంది గానీ, లోపల అతుకులు అప్పటికే సగం పడిపోయి ఉంటాయి. ఇనుముతో అతుక్కునే శక్తి ఉండదు. పొద్దున ఆరు నుంచి పది లోపు చిన్న చిన్న విడతలుగా కలుపుకోవడం ఒక్కటే దారి.

"హార్డెనర్ అయిపోతే వేరే డబ్బాది పొయ్యి" అన్న మాట ఇంకా ప్రమాదం. కంపెనీకో కొలత ఉంటుంది, ఒకే కంపెనీలో రంగు రంగుకో కొలత ఉంటుంది. ఏ బేస్‌కు ఏ హార్డెనర్ వచ్చిందో ఆ రెండు డబ్బాలనూ ఇనుప తీగతో కలిపి కట్టి పెట్టండి. స్టోర్‌లో ఈ ఒక్క అలవాటు వస్తే సగం తగాదాలు తగ్గుతాయి.

హార్డెనర్ డబ్బా మూత తీసి వదిలేయడం మరో తప్పు. ఎపాక్సీ హార్డెనర్ గాలిలోని తేమనూ బొగ్గుపులుసు వాయువునూ పీల్చి పైన తెల్లటి తెట్టు కడుతుంది. అది వాడితే ఆరిన పూత మీద జిగట పొర వస్తుంది, దాని మీద రెండో పూత నిలవదు. పాలీయురేథేన్ హార్డెనర్‌కు తేమ తగిలితే లోపల వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది. ఉబ్బిన డబ్బాను స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే మూత ముఖం మీదికి ఎగిరి రావచ్చు. దాన్ని తెరవకుండా, నీడన, ఆరుబయట పక్కన పెట్టి దుకాణదారుకు చెప్పాలి. జింకు పొడి ఎక్కువగా ఉండే ప్రైమర్ల సంగతీ ఇంతే. జింకు పొడికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ పుడుతుంది. దాని దగ్గర బీడీ వెలిగించడమంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"పత్తి రూములో జాగ ఉన్నది, అండ్ల పెట్టు"

ఆదిలాబాద్ రైతు ఇంట్లో అక్టోబర్ నుంచి ఒక గది పత్తికే పోతుంది. ధర కోసం నెల, రెండు నెలలు ఆపుతారు. ఆ గదికి తాళం ఉంటుంది, వాన పడదు, పిల్లలు రారు. అందుకే ట్రాలీకి కొట్టగా మిగిలిన రంగు, థిన్నర్ సీసా, తుడిచిన గుడ్డలు అందులో పెట్టమంటారు. ఈ చిట్కాలన్నిట్లో నాకు భయం కలిగించేది ఇదే.

అవిసె నూనె లాంటి ఆరే నూనెలు, ఆ నూనెలతో చేసిన ఎనామిల్ రంగులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుట్టిస్తాయి. గేటు మీద పలచగా పూసినప్పుడు ఆ వేడి గాలికి పోతుంది. అదే రంగు తుడిచిన గుడ్డను, దూదిని ఉండ చుట్టి మూలన పడేస్తే వేడి బయటికి పోలేదు. లోపలే పెరుగుతూ పోయి, అగ్గిపుల్ల గీయకుండానే ఆ గుడ్డ అంటుకుంటుంది. ప్రపంచమంతటా చెక్కపని, రంగుపని చేసే కార్ఖానాలు ఇలా కాలిపోయిన సంగతులు ఉన్నాయి. పక్కన పత్తి కుప్ప ఉంటే ఇక ఆపేదేముంది? తుడిచిన గుడ్డలను ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లు నిండిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. ఉండ చుట్టి మాత్రం ఎక్కడా పెట్టకండి.

బోరు దగ్గరి షెడ్డు ఇంకో చోటు. అందులో మోటారు స్టార్టర్ ఉంటుంది, గ్రీజు డబ్బా ఉంటుంది, డీజిల్ క్యాన్ ఉంటుంది, పక్కనే థిన్నర్ పెట్టేస్తారు. స్టార్టర్ పడిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ పుడుతుంది. టర్పెంటైన్ ఆవిరి 30 నుంచి 40 డిగ్రీల మధ్యనే నిప్పు తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది. ఎన్‌సీ థిన్నర్‌కు ఆ వేడి కూడా అక్కర్లేదు, చలికాలంలోనూ అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది, పైకి పోదు, నేల మీద పాకుతూ దూరంలో ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. కాబట్టి కిటికీ పైన ఉంది కదా అన్న ధీమా పనికిరాదు, గోడ అడుగున కూడా గాలి పోయే కన్నం ఉండాలి. పక్కన బకెట్ ఇసుక ఉండాలి. మండే థిన్నర్ మీద నీళ్లు పోస్తే మంట నీటి మీద తేలుతూ గదంతా పారుతుంది.

నీళ్ల సీసాలో థిన్నర్ పోసి పెట్టమనే సలహాను ఇల్లాళ్లే అడ్డుకోవాలి. ఎండలో ఆడి వచ్చిన పిల్లాడు సీసా చూసి తాగుతాడు. తాగితే వాంతి చేయించొద్దు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే వస్తుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. థిన్నర్ కొన్న డబ్బాలోనే ఉండాలి.

గ్రామ పంచాయతీ స్టోర్లలో మరో జత కనిపిస్తుంది. బ్లీచింగ్ పౌడర్ సంచి, దాని పక్కనే రంగు డబ్బాలు, వాల్వులు, పైపు ముక్కలు. బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి ఆ గదిలో ఉన్న ప్రతి ఇనుప వస్తువునూ తింటుంది, రంగు డబ్బాల రేకును కూడా. పైగా అది నూనె, థిన్నర్‌లతో కలిస్తే మంట పుట్టించగలదు. రెంటినీ వేరు వేరు గదుల్లో పెట్టాలి. పొటాష్ సంచుల పక్కన నాగళ్లు, కేజ్‌వీల్స్ పెట్టడం కూడా అలాంటిదే. పొటాష్ కూడా ఒక ఉప్పే. అది గాలిలో చెమ్మను పట్టి ఇనుము మీద కూర్చుంటుంది.

రంగు లేని పూతల గురించి రెండు మాటలు. "కాలిన ఇంజన్ ఆయిల్ పుయ్యి, జంగు రాదు" అనేవాళ్లు ఉన్నారు. కాలిన నూనెలో ఆమ్లం, నీటి తడి, మసి ఉంటాయి. కొన్నాళ్లు మెరుస్తుంది, తర్వాత అదే ఇనుమును తింటుంది. దాని మీద మళ్లీ రంగు కొట్టాలంటే ఎంత కడిగినా పట్టదు. సీజను కాని నెలల్లో గుంటక, దంతె, కేజ్‌వీల్ దాచుకోవాలంటే మన్ను కడిగి, ఎండబెట్టి, కొత్త గ్రీజో ఆముదమో పలచగా పూయండి. ఆముదం ఆరిపోని నూనె, అందుకే పెద్దవాళ్లు కత్తులకూ కొడవళ్లకూ అది రాసి వాసాల్లో పెట్టేవారు. వాళ్ల పద్ధతి సరైనది. గ్రీజు డబ్బాకు మూత లేకపోతే షెడ్డు దుమ్మంతా అందులో కలుస్తుంది, బొగ్గు గనుల ఊళ్లలో అయితే మరీ. దుమ్ము కలిసిన గ్రీజు బేరింగ్‌ను ఎమెరీ కాగితంలా రుద్దుతుంది.

"జీఐ రేకులకు జంగు పట్టదు, వానల ఉన్నా ఏం గాదు" అని ఇల్లు కట్టేవాళ్లు అంటారు. రేకుకు ఉన్న జింకు పూత కూడా పూతే, దాన్నీ సరిగా దాచాలి. కట్టలుగా కట్టి ఒకదాని మీద ఒకటి పెట్టిన రేకుల మధ్య వాన నీళ్లు చిక్కుకుంటే గాలి ఆడక వారాల్లోనే తెల్లటి బూజు లాంటి పొడి లేస్తుంది. అదీ జంగే, జింకుకు పట్టే తెల్ల జంగు. ఇంటి మీదికి ఎక్కకముందే రేకు వయసు తరిగిపోతుంది. రేకులను కప్పు కిందే, ఒక కొస ఎత్తుగా, మధ్య మధ్య కట్టె పుల్లలు పెట్టి ఉంచాలి. ఇప్పటికే తడిసి ఉంటే కట్ట విప్పి విడివిడిగా ఎండబెట్టండి.

పాత డబ్బాల్లో విషం కూడా ఉంటుందని మరిచిపోవద్దు. పసుపు రంగు జింక్ క్రోమేట్ ప్రైమర్‌లో ఉండే క్రోమియం క్యాన్సర్ కలిగించే రకం. వెనుకటి సింధూరపు ప్రైమర్‌లో సీసం ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది, 2017 నవంబర్ 1 నుంచి అది అమలైంది. అయితే అది ఇంటి, అలంకార రంగులకే వర్తిస్తుంది. కార్ఖానా రంగులు దాని కిందికి రావు. అటకల మీద, పాత స్టోర్లలో అలాంటి డబ్బాలు ఇంకా ఉండొచ్చు. "గట్టి సరుకు, పాత కాలందిరా తమ్మీ" అని బడి గేటుకో, ఊయలకో, వడ్ల గుమ్మి రేకుకో పూయమనే మాట వినొద్దు. ఆ ప్రైమర్ పూసిన పాత ఇనుమును గ్రైండర్‌తో పొడి గీయడమూ వద్దు. తడిపి గీకాలి, మూతికి మాస్కు ఉండాలి, గీకిన మన్ను ఎత్తి పెట్టాలి.

మిగిలిన రంగును మోరీలో పోయడం, చెరువు గట్టున కుమ్మరించడం అందరికీ తేలిక. ఆ నీళ్లే బర్లు తాగుతాయి, ఆ నీళ్లలోనే చేపలు పెరుగుతాయి. బాగున్న రంగైతే పక్కింటి గేటుకో, బడి బెంచీల ఇనుప కాళ్లకో ఇచ్చేయండి, అది ఆ ఏడాదే ఖర్చయిపోతుంది. పాడైన మామూలు రెడ్ ఆక్సైడ్ అయితే మూత తీసి, ఇసుక కలిపి, పిల్లలూ పశువులూ రాని నీడన పూర్తిగా గట్టిపడనివ్వండి. గట్టిపడిన ముద్దను మున్సిపాలిటీ చెత్త బండిలో ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి. క్రోమేట్, సీసం ఉన్న డబ్బాలను అలా కలపొద్దు, మూత బిగించి, పేరు రాసి, అమ్మిన దుకాణం ద్వారానో మున్సిపాలిటీ ద్వారానో వెనక్కి పంపే ఏర్పాటు అడగాలి.

చివరిది డ్రమ్ముల మాట. థిన్నర్ వచ్చిన రెండు వందల లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు కుడితి తొట్లు వస్తాయని, గ్యాస్ కటింగ్ మిషన్ తెమ్మంటారు. ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. నిండు డ్రమ్ములో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీదాంట్లో ఆవిరి, గాలి కలిసి నిండి ఉంటాయి. కట్టర్ మంట తగలగానే అది పేలుతుంది, కోసేవాడు దాని మీదే వంగి ఉంటాడు. కడిగాం కదా అనుకోవద్దు, అతుకుల్లో మిగిలిన చెంచాడు చాలు. పశువుల తొట్టికి సిమెంటుది కొనండి. డ్రమ్మును బిరడా బిగించి స్క్రాప్ వాళ్లకు ఇచ్చేయండి, లోపల ఏముండేదో సుద్దముక్కతో పైన రాసి.